పాఠశాలకు నర్సు – ఉన్నవారిని పంచుకొనుట ఎట్లు?

(ఒక ఆరోగ్య ఉప కేంద్రము పరిధిలోని నాలుగు గ్రామముల సర్పంచులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఉన్నత పాఠశాల ఆవరణలో సమావేశమైన సందర్భమున సమాచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము.)

నేను వైద్యుడను కాను. ప్రభుత్వము చేయు పనులను మీకు తెలుపుటయు, మీరు చెప్పు మాటలను పైవారికి తెలుపుటయు నా ఉద్యోగము. ఈ రెండింటిలో మొదటి పనిని మావారు ఎక్కువగాను, రెండవ దానిని తక్కువగాను చేయుదురని మీరు అనుకొనుచుందురు. అది పూర్తిగా అసత్యము కాదు. అందువలన ఈ దినమున గోడపత్రికలలో వ్రాయు మాటలు కాక, నేను కన్నులారా చూచిన సంగతితో ప్రారంభించెదను.

ఇది మీ గ్రామములలో జరిగినది కాదు. జరిగిన ఊరి పేరు చెప్పుట నాకిష్టము లేదు. ఏలయనగా ఆ ఊరివారు చెడ్డవారు కారు. అచ్చటి పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు ఎప్పుడును చివరి బల్లమీద కూర్చొనువాడు. నల్లబల్లమీది లెక్కను తప్పుగా ఎక్కించుకొనువాడు. ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాయుచున్నాడని దెబ్బలు తినువాడు. “వీడికి చదువు ఎక్కదండీ, మేకలు కాచుకుంటే నయం” అని ఒక ఉపాధ్యాయుడు నా ఎదుటనే నవ్వుచు చెప్పినారు. ఆ సంవత్సరము జూలై మాసమున వైద్య బృందపు బండి ఆ పాఠశాలకు వచ్చినది. పిల్లలందరిని చూచినారు. ఈ బాలునకు దూరపు వస్తువులు సరిగా కనబడుటలేదని గుర్తించి, ప్రాంతీయ వైద్యశాలకు వెళ్లి కళ్లజోడు వ్రాయించుకొనవలెనని చీటీ ఇచ్చినారు. ఆ చీటీ బాలుని బడిసంచిలోనికి చేరినది. తరువాత పదమూడు మాసములు అది సంచిలోనే ఉండెను.

ఆ జూలై మాసముననే నేను ఆ పాఠశాల గోడకు పిల్లల కంటి పరీక్షలను గురించిన గోడపత్రికను అంటింపజేసితిని. నా నెలసరి నివేదికలో అది ఒక గ్రామముగా లెక్కకు వచ్చినది. ఆ గోడపత్రికకు ఎదురుగా ఉన్న చివరి బల్లమీదనే ఆ బాలుడు కూర్చొనియుండెను. అందలి అక్షరములు వానికి కనబడియుండవు.

మరుసటి ఏడు ఆగస్టులో బండి మరల వచ్చినది. అప్పటికి బాలుడు వారమునకు రెండు మూడు దినములు బడికి వచ్చి, తక్కిన దినములు మేకల వెంట పోవుచుండెను. పట్టికలో పేరున్నను పిల్లవాడు లేడేమని బృందములోని నర్సు అడిగి, పొలమునుండి పిలిపించి చూచినది. అదే దోషము, మరికొంత ముదిరినది. అప్పుడు తల్లిని పిలిచి అడిగినచో ఆమె చెప్పిన మాట ఇది: “చీటీ సంగతి మాకెవరూ చెప్పలేదు బాబూ. సంచిలో కాగితం చూశాను. లెక్కల కాగితం అనుకున్నాను.”

తప్పు ఎవరిది? విచారించి చూడగా ఎవరి పనిని వారు చేసినట్లే కనబడినది. వైద్యుడు పరీక్షించినాడు, చీటీ వ్రాసినాడు. ప్రధానోపాధ్యాయుడు చీటీని బాలునికి అందజేసినాడు. ఆ ఊరి ఉప కేంద్రములోని ఏ.ఎన్.ఎం. ఆ నెలలోనే మరియొక కేంద్రమునకు డెప్యుటేషన్ మీద పంపబడినది. ఆ కేంద్రపు ఏ.ఎన్.ఎం. ప్రసూతి సెలవులో ఉండెను. ఈమె పనిని చూచుటకు వచ్చిన మూడవ ఆమెకు తన పని తనకు ఉండనే ఉన్నది. ఆమె టీకాలు తప్పిపోకుండ చూచుకొన్నది. పాఠశాల చీటీలను గురించి ఆమెకు ఎవ్వరును చెప్పలేదు. చెప్పవలసిన పుస్తకము ఏదియు లేదు.

ఈ సంగతిని నేను పలుమారులు తలపోసితిని. పాఠశాలకు నర్సు కావలెనని మనము కోరునప్పుడు నిజముగా ఏమి కోరుచున్నాము? రోగమును కనిపెట్టువారు అప్పుడప్పుడైనను వచ్చుచున్నారు. కనిపెట్టిన పిదప ఆ బిడ్డ వెంటబడి, తల్లితో మాటాడి, ఆసుపత్రికి పంపి, తిరిగి వచ్చినదా లేదా అని చూచు మనిషి లేదు. ఆ మనిషినే నర్సు అందురు.

ఇది మన దేశమునకే వచ్చిన కష్టము కాదు. నూటికి పైబడిన ఏండ్ల క్రిందట అమెరికాలోని న్యూయార్కు నగరములో అచ్చముగా ఇదే జరిగినది. అచ్చటి పాఠశాలలకు వైద్యులు వచ్చి, గజ్జి, తామర, పేలు, కంటిజబ్బులు ఉన్న పిల్లలను గుర్తించి, చీటీలు వ్రాసి ఇంటికి పంపివేయుచుండిరి. ఇంటివద్ద చికిత్స చేయించువారు లేరు. తరగతినుండి పంపబడిన పిల్లలు సాయంకాలము వీధిలో ఆ తరగతి పిల్లలతోనే ఆడుకొనుచుండిరి. చదువు పోయినది, జబ్బు పోలేదు. పేదవాడలలో ఇంటింటికి తిరిగి నర్సుల సేవను నడిపించిన లిలియన్ వాల్డ్ అను మహిళ నగరాధికారులతో ఒక మాట అన్నది. “మా నర్సు నొకామెను ఒక నెల దినములు మీకు ఎరువిచ్చెదను. ఫలితము కనబడినచో నగరపు ఖర్చుతో కొనసాగింపుడు” అని ఆ మాటల భావము. 1902 అక్టోబరు 1వ తేదీన లీనా రోజర్స్ అను నర్సు నాలుగు పాఠశాలలలో పని ప్రారంభించినది. ఒక పాఠశాలకు కాదు, నాలుగింటికి, వంతులవారీగా. చిన్న జబ్బులకు పాఠశాలలోనే మందు పూయుట, సాయంకాలము ఇండ్లకు వెళ్లి తల్లులకు చూపి నేర్పుట ఆమె పని. నెల గడచునప్పటికి నగరమువారు ఒప్పుకొని మరికొందరిని నియమించిరి. 1902 సెప్టెంబరు మాసమున మన్‌హటన్ పాఠశాలలనుండి 10,567 మంది పిల్లలు జబ్బుల పేరిట పంపివేయబడగా, 1903 సెప్టెంబరులో ఆ సంఖ్య 1,101కి దిగినది.

ఆ నర్సు వచ్చినది ఎరువుగా, పనిచేసినది పంపకములో. నేడు మనము చేయదలచిన దానికి ఇంతకంటె మంచి సాక్ష్యము నాకు దొరకలేదు. అమెరికా వంటి ధనిక దేశమున నేటికిని నర్సుల కొరత తీరలేదు. 2018లో ప్రకటింపబడిన ఒక దేశవ్యాప్త పరిశీలన ప్రకారము అచ్చటి పాఠశాలలలో నూటికి 39 చోట్ల మాత్రమే పూర్తికాలపు నర్సు ఉండెను; 35 చోట్ల అర్ధకాలపు నర్సు; 25 చోట్ల జీతమునకు పెట్టుకొన్న నర్సే లేదు.

మన దేశమున పాఠశాల పిల్లలకు వైద్యపరీక్ష మొదట 1909లో బరోడా నగరమున జరిగినది. 1946లో భోర్ సంఘమువారు దేశములో పాఠశాల ఆరోగ్య సేవ దాదాపు లేనట్లేయని వ్రాసిరి. 1960లో కేంద్ర ప్రభుత్వము శ్రీమతి రేణుకా రాయ్ అధ్యక్షతన పాఠశాల ఆరోగ్య సంఘమును నియమింపగా 1961లో నివేదిక వచ్చినది. నివేదికలకు మనకు లోటు లేదు.

ఇప్పుడున్న ఏర్పాటును చూతము. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద సంచార వైద్య బృందములు ఏర్పడినవి. ఒక్కొక్క బృందమునకు ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక స్త్రీ, ఒక పురుషుడు, ఒక ఏ.ఎన్.ఎం. లేదా నర్సు, ఒక ఫార్మసిస్టు. పుట్టినది మొదలు పదునెనిమిది ఏండ్ల వరకు పిల్లలలో పుట్టుకతో వచ్చిన లోపములు, పోషక లోపములు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యములు కనిపెట్టుట వీరి పని. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, పాఠశాలకు ఒకసారి రావలెనని నియమము. ఇది మంచి ఏర్పాటు. గుండెలో రంధ్రమున్న పసివారు, గ్రహణపు మొర్రి పిల్లలు, చెవుడున్న పిల్లలు ఎందరో దీనివలన బాగుపడినారు. అయితే ఒకసారి వచ్చిన బండి మరల ఏడాదికి గాని రాదు. నడుమనున్న మూడువందల పైచిలుకు దినములు ఎవరివి?

ఊరిలో ఉన్నది ఉప కేంద్రము. మైదాన ప్రాంతమున 5,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతములలో 3,000 జనాభాకు ఒకటి ఉండవలెనని లెక్క. అందులోని ఏ.ఎన్.ఎం. పని ఎంతయో మీకు తెలియును. బుధ, శనివారములు టీకాలతో సరి. గర్భిణులను చూడవలెను. రక్తపోటు, చక్కెర వ్యాధి ఉన్నవారి పట్టిక చూడవలెను. క్షయ రోగులు మందు మ్రింగుచున్నారో లేదో కనుగొనవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో సమావేశములు, ఆపైన రిజిస్టర్లు, వాటికి తోడు సెల్‌ఫోనులో నింపవలసిన పట్టికలు. “మీ బడికి కూడ దినదినము రమ్ము” అని ఆమెతో అనుట న్యాయము కాదు. పాఠశాలకొక నర్సును వేరుగా నియమింపుడని అడుగవచ్చును. అడుగుట తప్పు కాదు. కాని శిక్షణ పొందిన నర్సులు పట్టణపు ఆసుపత్రులకు, గల్ఫ్ దేశములకు, ఇంకను దూరదేశములకు వెళ్లుచున్న ఈ కాలమున, ఊరూర ఉన్న ప్రతి చిన్న బడికి ఒక నర్సు రేపే వచ్చునని మీకు మాట ఇచ్చినచో నేను అబద్ధమాడినవాడ నగుదును.

కనుక లెక్క వేసి చూతము. వారమునకు ఆరు పనిదినములు. టీకాల దినములు రెండు పోగా నాలుగు. ఆ నాలుగింటిలో ఒక్క ఉదయము, బడి మ్రోగినది మొదలు మధ్యాహ్న భోజనము వరకు, పాఠశాలది అని నిర్ణయింపుడు. ఈ ఉప కేంద్రము క్రింద నాలుగు పాఠశాలలు కలవు. మొదటి గురువారము ఒకటి, రెండవ గురువారము మరొకటి. ఇట్లు నెలకొకసారి ప్రతి పాఠశాలకు నర్సు వచ్చును. బడి నడచు పది మాసములలో పది రాకలు. ఏడాదికొకసారి కనబడు నర్సు పదిసార్లు కనబడును. దీనికి క్రొత్త ఉద్యోగమేదియు అక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి, ప్రధానోపాధ్యాయులు కూర్చొని ఒక కాగితముమీద ఒప్పుకొనిన చాలును. ఐదవ గురువారమున్న నెలలో దానిని గైరుహాజరైన పిల్లల ఇండ్లకు వెళ్లుటకు విడువవచ్చును. ఆ బాలుని వంటివారు బడిలో దొరకరు. మేకల వెంట దొరుకుదురు.

ఇది చాలునా? చాలదు. నెలకు ఒక ఉదయములో వందల పిల్లలను చూచుట సాధ్యము కాదు. అందువలన నర్సే చేయవలసిన పనికి మాత్రమే నర్సును ఉంచి, ఇతరులు చేయదగిన పనిని ఇతరులకు విడువవలెను. బరువు, ఎత్తు తూచి వ్రాయుటకు నర్సు ఎందుకు? గోడకు అక్షరముల పటము తగిలించి, ఆరు మీటర్ల దూరమున బిడ్డను నిలువబెట్టి, ఒక కన్ను మూసి చదివించుట ఉపాధ్యాయుడు ఒక పూటలో నేర్చుకొనగలడు. తేడా ఉన్నవారి పేర్లు నర్సు కొరకు వ్రాసి ఉంచవలెను. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో నులిపురుగుల మాత్రను నమిలించుట, వారమునకొకసారి ఐరన్ మాత్రను భోజనమైన పిదప ఎదుట మ్రింగించుట ఉపాధ్యాయులు ఇదివరకే చేయుచున్నారు. మన తెలుగు రాష్ట్రములలో పదునైదు మొదలు పందొమ్మిది ఏండ్ల ఆడపిల్లలు పదిమందిని తీసికొన్నచో ఇంచుమించు ఆరుగురికి రక్తహీనత ఉన్నదని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలినది. ఆ నీలిరంగు మాత్రను గోడ ప్రక్కన పారవేయు పిల్లలు ఉన్నారని మీకును తెలియును. ఖాళీ కడుపుతో ఇచ్చినచో వికారము పుట్టును. వికారము పుట్టినచో పారవేయుదురు. అన్నము తిన్న తరువాత ఇచ్చిన పాఠశాలలలో ఈ బాధ తక్కువ.

ఇచ్చట ఉపాధ్యాయ మిత్రులు ముఖము చిట్లించుచున్నారు. వారి మనస్సులోని మాట నాకు తెలియును. “జనాభా లెక్కలు మేమే, ఎన్నికలు మేమే, మధ్యాహ్న భోజనము మేమే; ఇక వైద్యము కూడ మేమేనా?” ఈ ప్రశ్న న్యాయమైనది. 2020లో ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమములో పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైనచో ఒక స్త్రీ, ఒక పురుషుడు, ఆరోగ్య రాయబారులుగా ఉండవలెనని చెప్పినారు. వారి పని వారమునకొక గంట ఆరోగ్యమును గురించి పాఠము చెప్పుట. ఆ గంటకు ఈ పటము, ఈ తూకము కలిపిన చాలును. అంతకు మించి వారిని లాగరాదు. ఉపాధ్యాయుడు రోగ నిర్ణయము చేయరాదు, సూది వేయరాదు, ఇంటిలో మిగిలిన మాత్రను పిల్లవానికి ఈయరాదు. మూర్ఛ వచ్చిన బిడ్డను ప్రక్కకు పరుండబెట్టి, నోటిలో ఏమియు పెట్టక, చుట్టునున్న గుంపును తొలగించుట. పాము కరచినచో కట్లు కట్టి కోతలు కోయక, కదలనీయక 108కి ఫోను చేయుట. ఇవి ఎవరైనను నేర్చుకొనదగినవి. నర్సు లేనిచోట ఉపాధ్యాయుడే నర్సు అని ఎవరైన మీతో చెప్పినచో ఒప్పుకొనవలదు. అది కొరతను తీర్చుట కాదు, కప్పిపుచ్చుట.

ఇక ఆశ్రమ పాఠశాలలు, వసతి పాఠశాలల సంగతి. నా ఉద్దేశమున ఈ విషయమంతటికి ఇది కీలకము. పగటి బడిలోని బిడ్డకు జ్వరము వచ్చినచో సాయంకాలమునకు తల్లి ఒడిలో ఉండును. వసతి పాఠశాలలోని బిడ్డకు రాత్రి పది గంటలకు జ్వరము వచ్చినచో ఎవరున్నారు? వార్డెను ఉన్నారు. వార్డెను మంచివారు కావచ్చును. కాని జ్వరము మామూలుదో మలేరియాయో, ఇప్పుడే బయలుదేరవలెనో తెల్లవారువరకు ఆగవచ్చునో చెప్పగల చూపు వారికి ఉండదు. ఏజెన్సీ ప్రాంతమున ఒక వసతి పాఠశాలలో నేను రాత్రి బస చేసితిని. ఆ రాత్రి తొమ్మిదేండ్ల పిల్ల ఒకతె కీళ్ల నొప్పులతో ఏడ్చినది. ఆడుకొని అలసినదని తక్కిన పిల్లలు చెప్పిరి. అచ్చటి నర్సు మాత్రము ఆ పిల్ల పరీక్ష కాగితము తీసి చూచి, అది సికిల్‌సెల్ నొప్పి అని గుర్తించి, నీరు త్రాగించి, వెచ్చగా కప్పి, వాహనమునకు కబురు పంపినది. ఆ నర్సు అచ్చట ఉండుట ఆ వారపు అదృష్టము; అంతకుముందు రెండు నెలలు ఆ ఉద్యోగము ఖాళీగా ఉండెనట. సికిల్‌సెల్ రక్తహీనతను నిర్మూలించుటకు 2023 జూలై 1వ తేదీన జాతీయ కార్యక్రమము ప్రారంభమైనది. పరీక్షలు జరుగుచున్నవి. పరీక్షలో పేరు తేలిన బిడ్డను రాత్రివేళ చూచుకొనువారు కూడ కావలెను గదా.

కాబట్టి ఉన్న నర్సులు కొద్దిమందియైనచో మొదట వసతి పాఠశాలలో ఉంచవలెనని నా మనవి. పగటి బడులకు వంతులు చాలును. రాత్రి ఉండు బడికి మనిషి కావలెను. అయితే ఒక్క మనిషి ఇరువదినాలుగు గంటలు, మూడువందల అరువదైదు దినములు మేలుకొని ఉండజాలదు. ఆమెకును ఇల్లున్నది, పిల్లలున్నారు, జ్వరము వచ్చును. సెలవు దొరకని ఉద్యోగమును మానివేయుదురు. ఖాళీలకు ఇదియొక పెద్ద కారణమని ఆ ఉద్యోగములు చేసినవారే నాతో చెప్పినారు. సమీపములోని రెండు మూడు వసతి పాఠశాలలను ఒక కూటముగా చేర్చి, వాటికి ఉమ్మడిగా ఒక బదులు నర్సును ఏర్పరచినచో, ఎవరు సెలవు పెట్టినను ఆమె వచ్చి నిలుచును. ఆమె మూడు పాఠశాలల పిల్లలను ముందే ఎరిగియుండును. పదవీ విరమణ చేసిన నర్సులు మండలమున ఒకరిద్దరైనను ఉందురు. నర్సింగ్ కౌన్సిలులో వారి నమోదు అమలులో ఉన్నంతవరకు, ఒంటిలో ఓపిక ఉన్నంతవరకు, ఇటువంటి బదులు పనికి వారిని మించినవారు లేరు. బి.ఎస్సీ. నర్సింగు, జి.ఎన్.ఎం. చదువుచున్న విద్యార్థినులు గ్రామ శిక్షణకు వచ్చినపుడు తమ అధ్యాపకురాలి పర్యవేక్షణలో పిల్లలను పరీక్షింపవచ్చును, శుభ్రతను నేర్పవచ్చును. కాని వారు కొద్ది వారములలో వెళ్లిపోవుదురు. చీటీల వెంట తిరుగు పనిని వారికి అప్పగింపరాదు.

దూరమునుండి వైద్యుని సలహా పొందు సదుపాయము కూడ ఇప్పుడున్నది. 2019లో ప్రారంభమైన ఈ-సంజీవని ద్వారా ఉప కేంద్రములోనివారు తెరమీద వైద్యునితో మాటాడి బిడ్డను చూపవచ్చును. కొండలలో సిగ్నలు లేని ఊళ్లు ఎన్నో ఉన్నవి. అచ్చట దీనిని నమ్ముకొని కూర్చొనరాదు. ఉన్నచోట మాత్రము ఒక పూట కూలి, ఆటో కిరాయి మిగులును.

ఇట్లు మనుషులు మారుచు పనిచేయునపుడు రెండు ప్రమాదములు కలవు. మొదటిది నేను చెప్పిన కథలోనిది. మనిషి కదలినపుడు ఆమె ఎరిగిన సంగతులు ఆమెతో పోవును. దీనికి మందు ఒక పుస్తకము. పాఠశాలలోనే, ప్రధానోపాధ్యాయుని బీరువాలో, తాళము క్రింద ఒక రిజిస్టరు ఉండవలెను. చీటీ ఇచ్చిన ప్రతి బిడ్డ పేరు, ఏమి కనుగొన్నారు, ఎక్కడికి పంపినారు, ఏ తేదీన వెళ్లినారు, ఏమి జరిగినది, ఇంత చాలును. చివరి గడి ఖాళీగా ఉన్నంతవరకు ఆ పేరు ప్రతి నెల పట్టికలోనికి ఎక్కవలెను. క్రొత్తగా వచ్చిన నర్సు ఆ పుస్తకము తెరచి చూచిన పావుగంటలో తన పని ఏదియో తెలిసికొనును. డెప్యుటేషన్ మీద వెళ్లు ఏ.ఎన్.ఎం. ఆ పుస్తకముమీద సంతకము చేసి, రాబోవు ఆమెకు చూపి వెళ్లవలెను. ఆ బాలుని ఊరిలో ఈ పుస్తకమొక్కటి ఉండినచో పదమూడు మాసములు పదమూడు దినములుగా ఉండెడివి.

రెండవ ప్రమాదమును గురించి ఒక తల్లి నాతో అన్నది: “నెలకో మొహం వస్తే మా పిల్ల నోరు విప్పదయ్యా.” ఇది నిజము. పన్నెండేండ్ల ఆడపిల్ల తన నెలసరి బాధనుగాని, ఎవరైన తనతో అసభ్యముగా ప్రవర్తించిన సంగతినిగాని ఎరుగని మనిషితో చెప్పదు. కనుక వంతుల పట్టిక వేయునపుడు సాధ్యమైనంతవరకు ఒక పాఠశాలకు ఏడాది పొడుగునను ఒకే నర్సు వచ్చునట్లు చూడవలెను. పనిచోటు పంచుకొనవచ్చును గాని, పిల్ల నమ్మకమును ఊరక చేతులు మార్చరాదు. ఆమె కూర్చొనుటకు తలుపున్న గది కావలెను. వరండాలో బల్ల వేసి, పదిమంది పిల్లలు చుట్టు నిలిచి వినుచుండగా, ఏ పిల్ల ఏమి చెప్పగలదు?

పంచాయతీలు చేయవలసినది ఇచ్చటనే ఉన్నది. ఒక చిన్న గది, మంచము, కుండలో నీరు, చేతులు కడుగుకొనుటకు సబ్బు, సరిగా తూచు యంత్రము, ప్రథమ చికిత్స పెట్టె. యంత్రము సరిగా తూచుచున్నదో లేదో ఊరిలోని చౌకధరల దుకాణపు బరువులతో సరిచూచుకొనవచ్చును. మూడు కిలోలు ఎక్కువ చూపు యంత్రమును ఒకచోట నేనే చూచితిని, దాని లెక్క ప్రకారము ఆ బడిలో బక్కపిల్లలే లేరు! పాఠశాల యాజమాన్య సంఘములో నెలకొకసారి ఆరోగ్యపు రిజిస్టరులో ఎన్ని గడులు ఖాళీగా ఉన్నవో సంఖ్య మాత్రము చదువవలెను. పేర్లు చదువరాదు. ఆసుపత్రికి వెళ్లు దారి తెలియని తల్లికి ఆశా కార్యకర్త తోడుగా వెళ్లవలెను.

మరియొక మాట పైవారికి చేరవలసినది, నేను చేరవేయుదును. సర్దుబాటు అను పేరుతో నర్సులను కొద్దికాలపు కాంట్రాక్టులమీద పెట్టి, జీతము నెలలు గడచినను ఈయకున్నచో, ఈ పద్ధతి నిలువదు. నాలుగు పాఠశాలలు తిరుగు మనిషికి బస్సు ఖర్చులున్నవి. వాటిని ఆమె తన సంచిలోనుండి పెట్టుకొనినచో మొదట తగ్గునది దూరపు బడి. ఏ బడి అందరికంటె దూరమో ఆ బడి పిల్లలకే నర్సు ఎక్కువగా కావలెను. ఈ విషయమున మీరు తీర్మానము చేసి పంపినచో దానిని నా నివేదికతో జతపరచెదను.

ఆ బాలునకు కళ్లజోడు వచ్చినది. రెండు నెలల తరువాత వెళ్లినపుడు మొదటి బల్లమీద కూర్చొనియుండెను. చదువులో మొదటివాడయ్యెనని చెప్పను, కాలేదు. పోయిన ఏడాది పాఠములు పోయినవి. వానికి గోడపత్రిక ఎట్లున్నదని అడిగితిని. అందులోని డాక్టరు బొమ్మ అద్దాలు తలక్రిందులుగా గీసినారని చూపినాడు. నిజమే. అచ్చు వేయునపుడు మేమెవ్వరము గమనింపలేదు.

ఇక మనము పనిలోనికి దిగుదము. ఈ నాలుగు పాఠశాలలలో గత సంవత్సరము చీటీలు పొందిన పిల్లల పట్టికను ప్రధానోపాధ్యాయులు తయారు చేయించినారు. పేర్లను ఇచ్చట బిగ్గరగా చదువము. ఆ మూలగదిలో ఏ.ఎన్.ఎం. గారు పట్టికతో కూర్చొనియున్నారు, తలుపు మూసియుండును. తల్లిదండ్రులు ఒక్కొక్కరుగా లోనికి వెళ్లి, తమ బిడ్డ పేరు ఉన్నదో లేదో చూచుకొని, ఉన్నచో ఎప్పుడు ఆసుపత్రికి తీసికొనిపోగలరో తేదీ చెప్పి రావలెనని కోరుచున్నాను. అక్షరములు చదువలేనివారికి ఆమె చదివి చెప్పును. అంతవరకు సర్పంచులు, ఉపాధ్యాయులు ఈ బల్లవద్దకు వచ్చినచో గురువారముల వంతు ఏ ఊరితో మొదలు పెట్టవలెనో నిర్ణయించుకొందము.